నాపరాయి మీద నల్ల ప్లేటు

మహాశివరాత్రి. నరసరావుపేట నుంచి కోటప్పకొండకు వెళ్లే దారంతా జనమే జనం. చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చిన ప్రభలు కొండ కింద బారులు తీరి ఉంటాయి. ఎనభై, తొంభై అడుగుల ఎత్తున రంగురంగుల దీపాలు... వాటి కింద హోరెత్తే పాటలు. త్రికోటేశ్వరుడికి దండం పెట్టుకోవడానికి వచ్చినవాళ్లు ఆ పాటల దగ్గరే తెల్లవారుతుందన్న సంగతి కూడా మరిచిపోతారు.

ఇప్పుడా పాటలు వచ్చేది ఫోన్లలోంచి, పెన్‌డ్రైవుల్లోంచి. అదే అరవై ఏళ్ల కిందటైతే? నల్లటి గ్రామఫోన్ ప్లేటు లోంచి! పెళ్లయినా, తిరునాళ్లయినా, ఎన్నికలయినా ఊళ్లోకి మైకుసెట్టు వస్తే పండగే. చెట్టు కొమ్మకో, డాబా పిట్టగోడకో గొట్టం మైకు కట్టేవారు. కింద బ్యాటరీ, ఆంప్లిఫయరు, రికార్డు ప్లేయరు. ప్లేటు మార్చే కుర్రాడి చుట్టూ పిల్లలు మూగేవారు. ఊరంతటికీ ఒకటే పాట. వద్దనుకున్నా వినాల్సిందే!

ఆ పిల్లలే ఇప్పుడు బళ్లలో, బ్యాంకుల్లో, తాలూకా ఆఫీసుల్లో పనిచేసి రిటైరైన తాతయ్యలు. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ పిల్లల చదువులు, పెళ్లిళ్లు అంటూ వాయిదా వేసిన ముచ్చట ఒకటి వాళ్లలో కొందరికి మిగిలే ఉంటుంది. ఇంట్లో మంచి స్టీరియో పెట్టుకుని, నాన్నగారి కాలం నాటి ప్లేట్లు తీరుబడిగా వినాలని. లోకం కూడా ఇప్పుడు అటే చూస్తోంది. అమెరికాలో 2022లో సీడీల కంటే వినైల్ రికార్డులే ఎక్కువగా అమ్ముడుపోయాయి. 1987 తర్వాత అలా జరగడం అదే మొదటిసారి.

అయితే పల్నాడులో ఈ సరదాకు ఓ చిక్కుంది. ఇక్కడి దుమ్ము, ఇక్కడి ఎండ... రెండూ రికార్డుకు శత్రువులు. ఇక్కడి రాయి మాత్రం ప్రాణమిత్రం. ఆ సంగతేమిటో తెలియాలంటే, 2022 ఏప్రిల్ నుంచి పల్నాడు జిల్లా కేంద్రమైన నరసరావుపేటలో బస్సెక్కి మాచర్ల దాకా ఓసారి వెళ్లిరావాలి.

ముందు పెట్టె తెరవండి

బస్సెక్కే ముందు అటక మీది ట్రంకుపెట్టె దింపాలి. అందులో ఉన్నవన్నీ ఒక జాతివి కావు. బరువుగా, బిరుసుగా, కిందపడితే పెంకులా పగిలేవి 78 రికార్డులు. నిమిషానికి 78 చుట్లు తిరుగుతాయి కాబట్టి ఆ పేరు. వాటి తయారీలో ముఖ్యమైన సరుకు లక్క. ఒక్కో వైపు మూడు నిమిషాల పాట. మన దేశంలో 1902లో కలకత్తాలో మొదలైన ఈ రికార్డులు 1970 ప్రాంతం దాకా వచ్చాయి.

తేలిగ్గా, కాస్త వంగేలా ఉండేవి వినైల్ రికార్డులు. అరచేతి కంటే కొంచెం పెద్దది 45 చుట్ల ఈపీ. పెద్ద పళ్లెమంత ఉండేది 33⅓ చుట్ల ఎల్పీ. ఒక్కో వైపు ఇరవై నిమిషాలకు పైగా పాడుతుంది. 1974లో కన్నుమూసిన ఘంటసాల చివరి రోజుల్లో పాడిన భగవద్గీత ఎన్నో ఇళ్లలోకి వచ్చింది ఎల్పీగానే.

పల్నాటి ఇంట్లో సినిమా పాటలతోపాటు నాటక పద్యాల ప్లేట్లూ దొరికితే ఆశ్చర్యం లేదు. ఈ జిల్లాలోని వినుకొండే గుర్రం జాషువాకు పుట్టినూరు. ఆయన శ్మశానవాటి పద్యాలు హరిశ్చంద్ర నాటకంలోని కాటిసీనులోకి చేరి, ఊరూరా రాత్రంతా మోగాయి. పద్యం ఎత్తుకుంటే ‘వన్స్‌మోర్’ అని కేకలు పెట్టిన సీమ ఇది!

ఇక్కడే మొదటి జాగ్రత్త. 78 ప్లేటు గాడి వెడల్పు, ఎల్పీ గాడి సన్నం. 78కి వాడే ముల్లు మొన ఎల్పీ ముల్లు కంటే సుమారు నాలుగు రెట్లు లావు. సన్న ముల్లుతో 78ని వాయిస్తే అది గాడి అడుగున పడి దొర్లుతుంది, బరబర తప్ప పాట రాదు. లావు ముల్లు ఎల్పీ మీద పెడితే గాడే చెడుతుంది. ప్లేయరు కొనేటప్పుడు మూడు వేగాలూ ఉన్నాయా, ముల్లు మార్చుకునే వీలుందా అన్న రెండు ప్రశ్నలు అడిగితే చాలు, సగం పని అయినట్టే.

పిడుగురాళ్ల దుమ్ము

పేట నుంచి పిడుగురాళ్ల చేరేసరికి గాలి రంగే మారుతుంది. సున్నపురాయికి, సున్నపు బట్టీలకు పేరుపడ్డ ఊరిది. బట్టీల చుట్టూ చెట్ల ఆకుల మీద కూడా తెల్లటి పొర. అలాంటి దుమ్ము రికార్డు గాడిలో చేరితే ఆకురాయే. ముల్లు దాన్ని ఈడ్చుకుంటూ పోతుంది. పాట మధ్యలో వచ్చే చిటపటలు చాలావరకు ఆ దుమ్ము పుణ్యమే.

కాబట్టి ప్లేయరు మీద మూత ఉండాల్సిందే. ప్లేటు పెట్టిన ప్రతిసారీ మెత్తటి కుంచెతో గాడి వెంట ఒక చుట్టు తుడవాలి. బాగా మురికి పట్టిన ఎల్పీని బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్‌లో రెండు చుక్కల సబ్బునీళ్లు కలిపి కడగొచ్చు. మధ్యలోని కాగితం తడవకూడదు.

78 ప్లేటు దగ్గర మాత్రం ఒక ప్రమాదం పొంచి ఉంది. ‘స్పిరిట్‌తో తుడిస్తే తళతళలాడుతుంది’ అని ఎవరో ఒకరు చెబుతారు. వినకండి! స్పిరిట్‌లో లక్క కరిగిపోతుంది. డెబ్బై ఏళ్లుగా గాడిలో దాక్కున్న గొంతు ఒక్క దూది ఉండతో చెరిగిపోతుంది. మళ్లీ తేలేం.

గురజాల - మాచర్ల పొత్తు

పిడుగురాళ్ల దాటి గురజాల వస్తే నాగమ్మ గుర్తుకు రాకుండా ఉండదు. అటు మాచర్లలో బ్రహ్మనాయుడు, ఇటు గురజాలలో నాగమ్మ. రెండు రాజధానుల మధ్య పొత్తు కుదరకే కదా పన్నెండో శతాబ్దంలో పల్నాటి యుద్ధం జరిగింది! స్టీరియో సంగతీ అంతే. ఎడమ స్పీకరు, కుడి స్పీకరు సమానంగా ఉంటేనే పాట నిలుస్తుంది. ఒకటి గోడ మూలన, ఇంకొకటి బీరువా పక్కన పెడితే పోరే.

లెక్క తేలిక. రెండు స్పీకర్ల మధ్య ఎంత దూరమో, ఒక్కో స్పీకరు నుంచి కుర్చీకి అంతే దూరం. అంటే మూడు వైపులా సమానమైన త్రికోణం. ఏడెనిమిది అడుగులైతే మామూలు గదికి సరిపోతుంది. సన్నటి ధ్వని వచ్చే చిన్న గూడు కూర్చున్నవారి చెవి ఎత్తులో ఉండాలి. పాత తెలుగు రికార్డులు చాలావరకు మోనో. వాటికి రెండు స్పీకర్లు దండగ అనుకోనక్కర్లేదు. సరిగ్గా అమర్చితే ఘంటసాల గొంతు రెండింటి నడుమ, ఎదురుగా మనిషి నిలబడి పాడినట్టే వస్తుంది. ఆంప్లిఫయరుకు మోనో మీట ఉంటే 78 ప్లేట్ల బరబర కూడా కొంత తగ్గుతుంది.

మధ్యలో మరచిపోయే వస్తువొకటి ఉంది. ముల్లు నుంచి వచ్చే విద్యుత్తు మిల్లీవోల్టుల్లోనే ఉంటుంది. పైగా రికార్డు చెక్కేటప్పుడు గంభీరమైన ధ్వనిని తగ్గించి, సన్నటి ధ్వనిని పెంచి చెక్కుతారు. దాన్ని తిరిగి సరిచేసి, బలం పెంచేది ఫోనో స్టేజి. కొన్ని ప్లేయర్లలో, ఆంప్లిఫయర్లలో అది లోపలే ఉంటుంది. లేకపోతే విడిగా కొనాలి. ఇది తెలియక ‘కొత్త సెట్టులో పాట గుసగుసలా వస్తోంది’ అని దిగాలు పడేవాళ్లున్నారు.

మరి ఖర్చు? రిటైరైనప్పుడు వచ్చిన డబ్బంతా పోయాల్సిన పనిలేదు. సగం స్పీకర్లకు, మిగతా సగం ప్లేయరుకూ ఆంప్లిఫయరుకూ అనుకుంటే చాలు. లక్షల ఖరీదు చేసే తీగలూ తంత్రులూ వద్దు. అరవై దాటాక చెవికి మొదట తగ్గేది బాగా సన్నటి ధ్వనులను పట్టే శక్తి. చిత్రమేమిటంటే, 78 ప్లేట్లలో ఆ ధ్వనులు ఎక్కువగా ఉండవు. పాత పాటకూ ముసలి చెవికీ ప్రకృతే జత కుదిర్చింది!

రెంటచింతల ఎండ

గురజాల దాటితే రెంటచింతల. వేసవిలో వాతావరణ వార్తలు వినేవారందరికీ ఈ ఊరు తెలుసు. 45 డిగ్రీలు దాటిన రోజులు ఇక్కడ కొత్త కాదు. బయటే అంత ఉంటే స్లాబు కిందున్న అటక మీద, మూసిన ట్రంకుపెట్టెలో ఎంత ఉంటుందో ఊహించుకోవచ్చు. వినైల్ 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. అంతకు ముందే, ఒకదాని మీద ఒకటి పేర్చిన ప్లేట్లు ఆ బరువుకు, వేడికి అప్పడాల్లా వంకర పోతాయి. కారులో ప్లేటు మరిచిపోయి మిట్టమధ్యాహ్నం ఊరు తిరిగొస్తే చాలు, ఆ ఎల్పీ పని అయిపోయినట్టే.

అందుకే పల్నాడులో సెట్టు కొనడం కంటే ముందు చేయాల్సిన పని పెట్టెను అటక దింపడం. ఇంట్లో చల్లటి గది ఏది? ఎండ పడమటి గోడకు తగలని గది. అక్కడ, నేలకు జానెడు ఎత్తున అర పెట్టి, పుస్తకాల్లా నిటారుగా నిలబెట్టాలి. చెదలు చేరకుండా చూసుకోవాలి. ఎండాకాలం మధ్యాహ్నాలు రికార్డులకు కూడా విశ్రాంతి ఇచ్చి, పొద్దుపోయాక వినడం మేలు.

మాచర్ల రాయి

ఇక మాచర్ల. చెన్నకేశవుడి గుడి చూసి, ఊరి చుట్టూ తిరిగితే ఎక్కడ చూసినా రాయే. పల్నాటి ఇళ్లలో నేలకు పరిచేది నాపరాయి. ఇక్కడి సున్నపురాయి ఖ్యాతి ఈనాటిది కాదు. అమరావతి స్తూపం శిల్పాలు, దగ్గర్లోని నాగార్జునకొండ శిల్పాలు చెక్కింది పల్నాటి సున్నపురాయి మీదే. లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న అమరావతి శిల్పాలదీ ఆ రాయే.

రికార్డు ప్లేయరుకు కావాల్సింది అదే! ముల్లు చదివేది వెంట్రుక కంటే సన్నటి కదలికల్ని. గదిలో ఎవరైనా నడిచినా, స్పీకరు అదిరినా ఆ అదురు ముల్లుకు తగిలి పాటలో ‘గుయ్’మని మోత వస్తుంది. అందుకే ప్లేయరును స్పీకర్లున్న బల్ల మీద పెట్టకూడదు. దాని కింద బరువైన, కదలని పీట కావాలి. విదేశాల్లో దీనికోసం పనిగట్టుకుని రాతి పలకలు కొంటారు. పల్నాడు మనిషికి ఆ బెంగ లేదు. ఒకటిన్నర అడుగుల పొడవు, అడుగుంపావు వెడల్పు, రెండంగుళాల మందం ఉన్న నాపరాయి ఇరవై కిలోలకు పైనే తూగుతుంది. దాని కింద నాలుగు రబ్బరు ముక్కలు, మీద ప్లేయరు. తాపీమేస్త్రీ రసమట్టం తెచ్చి బుడగ మధ్యలో నిలిచేలా సరిచూస్తే ముల్లు ఏ పక్కకూ ఒరగదు. ఇంక ముల్లు బరువు... ఎల్పీకి సాధారణంగా ఒకటిన్నర నుంచి రెండు గ్రాములు. దానితో వచ్చే కాగితంలో రాసినంతే పెట్టాలి. ఐదారు వందల గంటలు పాడాక ముల్లు అరిగిందేమో చూపించుకోవాలి. అరిగిన ముల్లు పాడదు, ప్లేటును కోస్తుంది.

కారంపూడి గొంతు

తిరుగుదారిలో కారంపూడి. నాగులేటి ఒడ్డున వీరుల గుడి. కార్తీక అమావాస్య నుంచి ఐదు రోజులు... రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. వీరుల ఆయుధాలతో ఆచారవంతులు తరలివస్తారు. వీర విద్యావంతులు కథ ఎత్తుకుంటారు. ఎనిమిది వందల ఏళ్ల నాటి యుద్ధం చాలామందికి పుస్తకంలోంచి రాలేదు, గొంతులోంచి చెవిలోకి వచ్చింది. అమెరికా పరిశోధకుడు జీన్ రోగైర్ 1982లో ఇంగ్లిషులో వెలువరించిన పల్నాటి వీరుల కథకు ఆధారం కూడా అలిసెట్టి గాలెయ్య అనే విద్యావంతుడి పాటే. ఇదే కథ 1947లో గాలి పెంచల నరసింహారావు సంగీతంతో, 1966లో సాలూరి రాజేశ్వరరావు సంగీతంతో ‘పల్నాటి యుద్ధం’ పేరిట రెండుసార్లు సినిమాగానూ వచ్చింది.

చెవితో జ్ఞాపకం పెట్టుకున్న సీమ పల్నాడు. పాడే గొంతు ఆగితే ఆ కథ ఆగుతుంది. అటక మీది ప్లేటు వంకరపోతే అందులోని గొంతూ అంతే. కొన్ని పాటలు ఇప్పుడు ఫోన్లో దొరుకుతాయి, నిజమే. దొరకని పద్యాలు, పేరు కూడా చెరిగిపోయిన నాటక ప్లేట్లు ఎన్నో. వాటిలో ఏది ఆఖరిదో ఎవరికి తెలుసు? అందుకే ఈ సరదా ఒట్టి సరదా కాదు. సెట్టు అమర్చాక మొదటిసారి వాయించినప్పుడే ఆ పాటను కంప్యూటర్‌లోకి ఎక్కించుకుంటే, ప్లేటు పోయినా గొంతు మిగులుతుంది. ఆ పని మనవడికో మనవరాలికో అప్పగించొచ్చు. ‘ఇది ఎవరు తాతయ్యా?’ అని అడుగుతారు కదా... కథ మళ్లీ ఒక చెవి దాటినట్టే.

ఒక్క చిన్న మాట. స్టీరియో పుస్తకాలన్నీ త్రికోణం కొసన ఒకే ఒక్క కుర్చీ వేయమంటాయి. బ్రహ్మనాయుడు కులం అడక్కుండా అందరినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి చాపకూడు పెట్టించిన నేల ఇది. ఊరంతా ఒకే మైకు విన్న నేల. ఆ కుర్చీ పక్కనే ఒక చాప పరచండి. పక్కింటి మాస్టారు, ఎదురింటి పిన్నిగారు, వీధిలో పిల్లలు వచ్చి కూర్చుంటారు. ధ్వని ఓ పిసరు తగ్గితే తగ్గనివ్వండి... పాట పెరుగుతుంది!