నేల ఎవరిదిరా?



ఈ వారం కూడా భూమి గురించే. అయితే ఒంగోలు పక్క భూమి కాదు, అమెరికాలో అలబామా రాష్ట్రపు భూమి. ఇక్కడి గోడు చాలదా, అక్కడిది కూడానా అనుకోకండి. చివరిదాకా చదవండి, ఎందుకు రాస్తున్నానో తెలుస్తుంది.

నా తమ్ముడు మాంట్‌గొమరీ దగ్గర కార్ల విడిభాగాల కంపెనీలో పని చేస్తున్నాడు. మా వాడలో మొదటి ఇంజినీరు. జీతంలో పెద్ద ముక్క అపార్ట్‌మెంటు అద్దెకే పోతుంది, ఇంకో ముక్క చదువు అప్పుకు. వాడితో పనిచేసేవాళ్లు చాలామంది మొబైల్ హోముల్లో ఉంటారు. వాడికీ ఆశ పుట్టింది. ఒక సెకండ్ హ్యాండ్ ఇల్లు చూసి ఫోటోలు పంపాడు. రెండు గదులు, వంటిల్లు, ముందు చిన్న మెట్లు. అమ్మ ఫోటోలన్నీ చూసి ఒకే ప్రశ్న వేసింది: "ఇల్లు బాగానే ఉంది. నేల ఎవరిదిరా?"

మొబైల్ హోమ్ అంటే రోజూ తిరిగే బండి అనుకునేరు. ఫ్యాక్టరీలో ఉక్కు చట్రం మీద కట్టిన ఇల్లు అది. లారీకి తగిలించి తెచ్చి దింపుతారు. ఒక్క ముక్కగా వస్తే సింగిల్ వైడ్, రెండు ముక్కలు తెచ్చి అతికిస్తే డబుల్ వైడ్. ఒకసారి దింపాక చాలావరకు మళ్లీ కదలదు. 1976 జూన్‌లో కేంద్ర ప్రభుత్వ నిర్మాణ ప్రమాణాలు వచ్చినప్పటి నుంచి కాగితాల మీద దాని పేరు మాన్యుఫాక్చర్డ్ హోమ్. జనం నోట మాత్రం పాత పేరే. దాదాపు రెండు కోట్ల మంది అమెరికన్లు ఇలాంటి ఇళ్లలో బతుకుతున్నారు. దక్షిణాది పల్లెల్లో పేదవాడికి అందే సొంత ఇల్లు ఎక్కువగా ఇదే.

తమ్ముడు చూసిన ఇంటికి నేల లేదు. ఇల్లు నీది, స్థలం పార్కు ఓనరుది. స్థలానికి నెలనెలా అద్దె కట్టాలి.

అమ్మకి అమెరికా చట్టం తెలీదు. ఆమె పుట్టింది ఒక ఆసామి చేని గట్టు మీద వేసుకున్న గుడిసెలో. నిట్టాళ్లు మావి, తాటాకు మాది, నేల ఆసామిది. కూలి పెంచమని తాతయ్య నోరు తెరిచిన ఏడాది, "గుడిసె ఎత్తుకోండి" అన్నాడు ఆసామి. నిట్టాళ్లు పీకి, ఆకు విప్పి, నెత్తిన పెట్టుకుని నడిచారు. అప్పుడు అమ్మకి ఆరేళ్లు. చంకలో కోడిని పట్టుకుని నడిచానని చెబుతుంది. మొబైల్ హోమ్ మాకు కొత్తేం కాదు మిత్రులారా. చక్రాలు లేవంతే.

అమ్మ అడిగిన ప్రశ్నే అక్కడి చట్టానికీ మూలం. నేల నీది కాకపోతే చాలా రాష్ట్రాల్లో ఆ ఇల్లు చరాస్తి. కారుకు ఉన్నట్టే దానికో టైటిల్ కాగితం ఉంటుంది. దాని మీద ఇచ్చే అప్పు కూడా చరాస్తి అప్పే: వడ్డీ ఎక్కువ, గడువు తక్కువ, రక్షణలు తక్కువ. వాయిదాలు తప్పితే బండిని లాక్కెళ్లినట్టే ఇంటినీ లాక్కెళ్తారు. ఈ మధ్య పెద్ద పెట్టుబడి కంపెనీలు పార్కులు కొని స్థలం అద్దె పెంచేస్తున్నాయి. వేరే చోటికి తీసుకుపోదామంటే వేల డాలర్ల ఖర్చు. పాత ఇల్లయితే కదిలిస్తే విరుగుతుంది. పేరుకే మొబైల్. కదల్లేని పేదవాడి దగ్గర అద్దె ఎంతైనా గుంజొచ్చని ఓనరుకు తెలుసు.

అదే నేల కూడా నీదై, ఇంటిని పునాదికి గట్టిగా బిగించి, అలబామాలో ఆ టైటిల్ రద్దు చేయించుకుంటే ఇల్లూ నేలా కలిసి స్థిరాస్తి అవుతుంది. అప్పుడు మామూలు ఇంటి అప్పుకు దారి దొరుకుతుంది. అదే రేకు, అదే చెక్క. కింద ఉన్న మట్టి ఎవరిదన్నదే తేడా.

తమ్ముడు పార్కు ఆలోచన వదిలేసి, నేలతో పాటు ఇల్లు వెతకడం మొదలుపెట్టాడు. చవగ్గా దొరుకుతుందని ఒక మధ్యవర్తి వాణ్ణి లౌండెస్ కౌంటీకి తీసుకెళ్లాడు. ఆ పేరు విన్నాక నాకు నిద్ర పట్టలేదు.

లౌండెస్ ఎవరి ఊరో మన విద్యార్థులకు తెలియాలి. 1965 మొదట్లో ఆ కౌంటీలో ప్రతి ఐదుగురిలో నలుగురు నల్లవాళ్లు. ఓటరు జాబితాలో నల్లవాళ్లు ఒక్కరూ లేరు. సెల్మా నుంచి మాంట్‌గొమరీకి సాగిన పాదయాత్ర ఆ కౌంటీ మీదుగానే పోయింది. ఓటు నమోదు చేసుకున్న కౌలు కుటుంబాలను భూస్వాములు ఇళ్లు ఖాళీ చేయించారు. ఇల్లు భూస్వామి నేల మీద ఉంది కాబట్టి ఒక్క మాటతో పని అయిపోయింది. ఆ కుటుంబాలు హైవే పక్కన, తమవాళ్ల చేతిలో ఉన్న కొద్దిపాటి నేల మీద గుడారాలు వేసుకున్నాయి. దాన్ని టెంట్ సిటీ అన్నారు. రాత్రిళ్లు గుడారాల మీద కాల్పులు జరిగేవి. అయినా దాదాపు రెండేళ్లు కదలలేదు. ఆ జనమే స్టోక్లీ కార్మైకేల్ లాంటి విద్యార్థి కార్యకర్తలతో కలిసి సొంత పార్టీ పెట్టుకుని, నల్ల చిరుతను గుర్తుగా ఎంచుకున్నారు. 1966లో ఓక్లాండ్ యువకులు ఆ చిరుతను తమ పార్టీ పేరుగా తీసుకున్నారు. 1972లో బొంబాయిలో నామ్‌దేవ్ ధసాల్, జె.వి. పవార్, రాజా ఢాలే వాళ్లు దళిత్ పాంథర్స్ అయ్యారు. మన పోస్టర్ల మీద ఉండే చిరుత బయల్దేరింది ఆ మట్టి మీద నుంచి.

1985 జులై 17 తర్వాత కారంచేడు మాదిగలు చీరాల వచ్చి, ఇక ఊరికి తిరిగి పోమని తేల్చి, విజయనగర్ కాలనీ కట్టుకున్నారు. టెంట్ సిటీ గురించి చదువుతుంటే నాకు కనిపించింది చీరాల శిబిరమే. ఆత్మగౌరవానికి కాలు మోపే చోటు కావాలి. 1942లో నాగపూర్‌లో షెడ్యూల్డ్ కులాల మహాసభ ప్రత్యేక గ్రామాలు కావాలని తీర్మానం చేసిందంటే, ఆ వెనక ఉన్న లెక్క ఇదే.

ఇప్పుడు ఆ మధ్యవర్తి తమ్ముడికి చెప్పిన పథకం వినండి. పన్నెండెకరాల భూమి. ఎప్పుడో చనిపోయిన ఒక నల్ల రైతుది. వీలునామా లేదు. పిల్లలు, మనవళ్లు, మునిమనవళ్లు అందరికీ విడదీయని వాటాలు. ఎక్కడో ఉత్తరాది నగరంలో ఉన్న ఒక మనవడు డబ్బు అవసరంలో ఉన్నాడు. "వాడి వాటా కొనెయ్. తర్వాత పంపకం కావాలని కోర్టుకు వెళ్లు. ఇంతమందికి ముక్కలు చేయడం కుదరదని కోర్టు మొత్తం అమ్మిస్తుంది. అప్పుడు చవగ్గా నువ్వే కొనుక్కో" అన్నాడట.

ఇలాంటి భూమిని అక్కడ హెయిర్స్ ప్రాపర్టీ అంటారు. బానిసత్వం పోయాక చెమటోడ్చి కొన్న భూములివి. వకీలుకు ఇచ్చే డబ్బు లేక, తెల్లవాళ్ల కోర్టు మీద నమ్మకం లేక వీలునామాలు రాయలేదు. టైటిల్ స్పష్టంగా లేని భూమి మీద బ్యాంకు ఇంటి అప్పు ఇవ్వదు. అందుకే వారసులు తాత నేల మీద మొబైల్ హోమ్ దింపుకుని, ఎక్కువ వడ్డీ కడుతూ బతుకుతారు. ఈ వాటా ఎత్తుగడతోనే దక్షిణాదిలో నల్లవాళ్లు ఎంతో భూమి పోగొట్టుకున్నారు. దీన్ని అడ్డుకోవడానికి 2010లో ఒక నమూనా చట్టం తయారైంది, అలబామా కూడా దాన్ని తెచ్చుకుంది. అమ్మకం కోరినవాడి వాటాను ముందు మిగతా వారసులు సరైన ధరకు కొనుక్కునే అవకాశం ఇవ్వాలి. మంచి చట్టమే. కానీ కొనుక్కునే డబ్బు ఉండాలి కదా.

ఆ నేల మీద ఒక పెద్దావిడ ఉంటోంది. ఒంటరిగా, పాత సింగిల్ వైడ్‌లో. తమ్ముడు కొనడానికి వచ్చాడని ఆమెకు తెలీదు. మంచినీళ్లిచ్చి, ఇది మా తాత భూమి అని చేత్తో చుట్టూ చూపించిందట. ఇంటి వెనక ఒక పైపు, పైపు చివర మురుగు గుంట. అక్కడి నేల మన నల్లరేగడి లాంటిదే. వానాకాలం నీళ్లు ఇంకవు, ఎండాకాలం బీటలు వారుతుంది. మామూలు సెప్టిక్ ట్యాంకు ఆ మట్టిలో పనిచేయదు, పనిచేసేది పెట్టించాలంటే వేల డాలర్లు. పెట్టించుకోలేని పేదల మీద కేసులు పెట్టారు, కొందరిని అరెస్టు కూడా చేశారు. ఆ గడ్డ మీద పెరిగిన కేథరిన్ కోల్మన్ ఫ్లవర్స్ ఏళ్ల తరబడి దీని మీద పోరాడారు. 2023 మేలో కేంద్ర న్యాయశాఖ రాష్ట్ర ఆరోగ్యశాఖతో ఒప్పందం చేయించింది. 2025 ఏప్రిల్‌లో కొత్త ప్రభుత్వం ఆ ఒప్పందాన్ని రద్దు చేసింది.

ఆ రాత్రి తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, లెక్క ప్రకారం నాకు లాభమే. చట్టం కూడా తప్పు పట్టదు. కానీ ఆవిడ నీళ్లిచ్చిందక్కా. మన పెదనాన్న సంగతి గుర్తొచ్చింది" అన్నాడు.

పెదనాన్న సంగతి ఇది. మా కుటుంబానికి ఒక ఎకరా అసైన్డ్ భూమి ఉండేది. 1977 చట్టం ప్రకారం దాన్ని అమ్మకూడదు, కొనకూడదు. అయినా పెద్దమ్మ ఆసుపత్రి ఖర్చుకు అప్పిచ్చిన పెద్దమనిషి, ఖాళీ స్టాంపు కాగితం మీద పెదనాన్న వేలిముద్ర వేయించుకున్నాడు. ఒక్కడి వేలితో నలుగురన్నదమ్ముల ఎకరా పోయింది. ఆ చేలోనే మావాళ్లు మిరపకాయలు కోయడానికి కూలికి పోయారు. 2023 సవరణతో ఆంధ్రలో ఇరవై ఏళ్లు దాటిన అసైన్డ్ భూమి అమ్ముకునే వీలు వచ్చింది. అమ్ముకునే హక్కు మనకూ ఉండాలనే మిత్రులతో నాకు పేచీ లేదు. ఏ అవసరంలో ఎవరు అమ్ముతున్నారో, ఎవరు కొంటున్నారో చూడమంటున్నాను.

తమ్ముడు ఆ వాటా కొనలేదు. మళ్లీ వెళ్లి, మీ మనవడు వాటా అమ్మకానికి పెట్టాడని ఆవిడకు చెప్పి, ఉచితంగా సాయం చేసే న్యాయవాదులను కలవమని చెప్పి వచ్చాడు. మధ్యవర్తి వాడి ఫోన్ ఎత్తడం మానేశాడు. వాడు ఇంకా అపార్ట్‌మెంటులోనే ఉన్నాడు, అద్దె మళ్లీ పెరిగింది. ఇందులో గెలుపేం లేదు. మనల్ని తరిమిన పద్ధతితో మనం ఇంకొకరిని తరమలేదు, అంతే.

దారి అసలు లేదని కాదు. 1984లో న్యూహాంప్‌షైర్‌లోని మెరెడిత్‌లో ఒక పార్కు అమ్మకానికి వస్తే, అందులో ఉంటున్న వాళ్లే సహకార సంఘంగా ఏర్పడి నేల కొనుక్కున్నారు. ఇప్పుడు అలాంటివి దేశంలో వందల సంఖ్యలో ఉన్నాయి. అద్దె ఎంతో వాళ్లే కూర్చుని తేల్చుకుంటారు. నేలను ఉమ్మడిగా పట్టుకుంటే ఎవరో ఒకడి అవసరం అందరి కొంపా ముంచదు.

విదేశాల్లో ఉన్న మన పిల్లలకు నాలుగు మాటలు. ఇంటి ధర కన్నా ముందు నేల టైటిల్ చూడండి. వారసులందరి సంతకాలు ఉన్నాయా అడగండి. మట్టిలో నీరు ఇంకే పరీక్ష, సెప్టిక్ అనుమతి లేకుండా అడ్వాన్సు ఇవ్వకండి. రోడ్డుకు దారి కాగితం మీద ఉందో లేదో చూడండి. అప్పు ఇల్లూ నేలా రెండింటి మీదా, ఒక్క ఇంటి మీదేనా తేల్చుకోండి. మరీ చవగ్గా వస్తుంటే ఆ చవక ఎవరి నెత్తిన పడుతోందో కనుక్కోండి.

ఊళ్లో ఉన్నవాళ్లకు ఒకటే పని. ఈ ఆదివారం మీ ఇంట్లో ట్రంకు పెట్టె తెరిచి పట్టా తీయండి. ఎవరి పేరున ఉంది, సర్వే నంబరు ఎంత, నేల మీద హద్దు రాళ్లు ఉన్నాయా, చనిపోయిన వాళ్ల పేర్ల నుంచి వారసుల పేర్లకు మారిందా చూసి రాసుకోండి. మారకపోతే సోమవారం తహసీల్దారు ఆఫీసుకు వెళ్లండి. ఒక్కరే వెళ్లకండి, పదిమంది కలిసి వెళ్లండి.

వచ్చే వారం: శ్మశానం దారి.

జై భీమ్.