అరమాత్ర బరువు

ఎస్సిటలోప్రామ్ అనే 10 మిల్లీగ్రాముల మాత్రను మధ్యకు విరిస్తే ఒక్కొక్క ముక్కలో 5 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. కందిబద్ద పాటి ఉండే ఆ తెల్లని ముక్కను మింగాలా వద్దా అని తేల్చుకోవడానికి నాకు 11 రోజులు పట్టింది. ఆ 11 రోజుల తర్జనభర్జనను ఒకచోట రాసి పెడదామనిపించింది. ఇటువంటి చీటీ చేతిలో పెట్టుకుని ఆలోచిస్తున్నవారు మన మధ్య చాలామందే ఉంటారు. పైకి చెప్పేవారే తక్కువ.

నాకు 63 ఏళ్ళు. డిగ్రీ కళాశాలలో తెలుగు బోధించి పదవీ విరమణ చేశాను. ఆయన పోయి పద్నాలుగు నెలలు దాటింది. మొదటి ఏడాది కర్మకాండలతో, పింఛను కాగితాలతో, వచ్చేపోయే చుట్టాలతో గడిచిపోయింది. సంవత్సరీకాలు అయ్యాక ఇల్లు ఖాళీ అయింది. సరిగ్గా అప్పుడే నాలోంచి కూడా ఏదో ఖాళీ అయింది. తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చేది. మరిక నిద్ర పట్టేది కాదు. పుస్తకం తెరిస్తే అక్షరాలు కనిపించేవి, అర్థం లోపలికి దిగేది కాదు. ముప్ఫై ఏళ్ళు మనుచరిత్ర పాఠం చెప్పినదానిని, ఒక సీసపద్యం మూడో పాదానికి వచ్చేసరికి మొదటి పాదం మరిచిపోతున్నాను! నాలుగు నెలల్లో ఆరు కిలోలు తగ్గాను. ఇంకొక మాట కూడా చెప్పాలి. రాత్రి పడుకునేటప్పుడు, రేపు తెల్లవారకపోతే బాగుండునన్న తలపు రావడం మొదలైంది.

బీపీకి చూసే డాక్టరు థైరాయిడ్, రక్తహీనత పరీక్షలు చేయించి, అవి బాగానే ఉన్నాయని చూశాక, మానసిక వైద్యుడి దగ్గరకు పంపారు. ఆయన ముప్పావు గంట ఓపికగా విన్నారు. "భర్త పోయిన దుఃఖం జబ్బు కాదమ్మా. కానీ ఆ దుఃఖం చాటున ఒక జబ్బు వచ్చి కూర్చుంది. దానికి మందుంది" అన్నారు. పది రోజులు అరమాత్ర, ఆ తరువాత పూర్తి మాత్ర రాసి, ఈసీజీ ఒకటి, రక్తంలో సోడియం పరీక్ష ఒకటి చేయించుకుని, వాడుతున్న మందులన్నీ వెంటబెట్టుకుని మళ్ళీ రమ్మన్నారు. ఆ రెండూ చూశాకే మందు మొదలుపెడదామన్నారు.

ఇంటికి వచ్చాక నా భయాన్ని నేనే విడదీసి చూసుకున్నాను. అందులో రెండు పోగులు కనిపించాయి. ఒకటి పేరుకు సంబంధించినది, రెండవది మందుకు సంబంధించినది. రెండూ పెనవేసుకుని ఉన్నంతకాలం ఏ ఒక్కదానికీ సమాధానం దొరకదు.

పేరు భయం మనకు ఉగ్గుపాలతో అబ్బినదే. హైదరాబాదు వైపు ఎవరినైనా వెక్కిరించాలంటే "ఎర్రగడ్డకు పంపాలి" అంటారు. మా కోస్తా జిల్లాలలో ఆ పని విశాఖ ఆసుపత్రి పేరు చేస్తుంది. వేలమంది నయమై ఇళ్ళకు వెళ్ళిన ఆసుపత్రుల పేర్లను మనం తిట్లుగా మార్చుకున్నాం. పక్కింటావిడ మంచి మనిషి, నా మేలు కోరే మనిషి. "ఆ మాత్రలు ఒకసారి మొదలుపెడితే జన్మలో మానలేరట వదినా, మనిషి మొద్దులా అయిపోతుందట, మా తోడికోడలు చెప్పింది. రోజూ గుడికి వస్తూ ఉండండి, అదే పోతుంది" అంది. గుడికి వెళ్ళడం మంచిదే, వెళుతూనే ఉన్నాను. మధుమేహానికి మాత్ర వేసుకునే పూజారిగారిని మాత్రం ఎవరూ భక్తి చాలలేదని అనరు కదా!

మందు భయం అలా తీసిపారేయవలసినది కాదు. అది న్యాయమైన భయం. అప్పటికే నేను వాడుతున్నవి ఇవి. పొద్దున్నే పరగడుపున థైరాక్సిన్. గ్యాసుకు ఒమెప్రజోల్. రక్తపోటుకు టెల్మిసార్టన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర. మోకాళ్ళకు డైక్లోఫెనాక్, నొప్పి మరీ ఎక్కువైన రోజున ట్రమడాల్, పారాసెటమాల్ కలిసిన మాత్ర. ముగ్గురు డాక్టర్లు, మూడు చీటీలు. ఒకరి చీటీ మరొకరి కంట పడే ఏర్పాటు మన దగ్గర సాధారణంగా లేదు. ఆ మూడింటినీ ఒకచోట చూసేది మందుల షాపు కుర్రాడు ఒక్కడే, అతనికేమో గుమ్మం ముందు పదిమంది నిలబడి ఉంటారు. స్ట్రిప్పు కత్తిరించి ఇచ్చిన మాత్రలతో వివరాల కాగితం రాదు. స్ట్రిప్పు వెనకనున్న అక్షరాలు చదవడానికి నా కళ్ళజోడు చాలదు.

హైదరాబాదులో ఉన్న మా అమ్మాయి ఆ పేర్లన్నీ వెతికి ఫోనులో చదివి వినిపించింది. విన్నకొద్దీ భయం పెరిగింది. మూడింటికి మెలకువ వచ్చినప్పుడు నేనూ చదివాను. ఈ జాతి మందుల చరిత్రే ఒక విచిత్రం. 1952లో న్యూయార్కులోని స్టాటెన్ ద్వీపంలో క్షయరోగులకు ఇప్రోనియజిడ్ అనే మందు ఇచ్చి చూస్తుంటే, రోగులలో అనుకోని ఉత్సాహం, ఆకలి కనిపించాయి. క్షయ కోసం వెతికితే కుంగుబాటుకు మందు దొరికిందన్నమాట. అంటే ఒక మందు పక్కప్రభావమే మరొక చికిత్సకు పుట్టిల్లయింది. అయితే ఆ కోవ మందులు వాడేవారు ముదిరిన చీజ్ తింటే రక్తపోటు ప్రమాదకరంగా పెరుగుతుందని 1963లో బారీ బ్లాక్‌వెల్ అనే వైద్యుడు గుర్తించాడు. 1984 మార్చిలో న్యూయార్కులో లిబ్బీ జయాన్ అనే 18 ఏళ్ళ అమ్మాయి ఆసుపత్రిలో చేరిన కొన్ని గంటలకే చనిపోయింది. ఆమె ఆ కోవకే చెందిన ఫెనెల్జిన్ వాడుతోంది, ఆసుపత్రిలో పెథిడిన్ సూది వేశారు. మరణకారణంపై కోర్టులో ఎన్ని వాదాలు నడిచినా, ఆ రెండు మందుల కలయికే ప్రాణం తీసిందని చాలామంది వైద్యులు భావించారు. ఆ తరువాతే, 1989లో, న్యూయార్కు రాష్ట్రం శిక్షణలో ఉన్న డాక్టర్ల పనివేళలను వారానికి 80 గంటలకు పరిమితం చేసింది.

ఇది చదివిన రాత్రి నేను చీటీని మడిచి పంచాంగంలో పెట్టేశాను. కానీ పొద్దున లేచాక ఇంకొక విధంగా తోచింది. ఆ అమ్మాయి కథలోని పాఠం మందు విషమని కాదు. ఏ మందు పక్కన ఏ మందు ఉందో చూసేవారు లేకపోవడం విషమని. అయితే చూసేవారిని నేనే కూర్చోబెట్టుకోవాలి. ఒక తెల్లకాగితం తీసుకుని, వాడే ప్రతి మందు పేరు, మోతాదు, వేళ రాశాను. దగ్గు మందు, ఆయుర్వేద లేహ్యం కూడా వదల్లేదు. కింద ప్రశ్నలు రాశాను. భయం ప్రశ్నగా మారితే దాని పరిమాణం తగ్గుతుందని విద్యార్థులకు చాలాసార్లు చెప్పిన మాటే.

పదకొండో రోజున ఆ కాగితాన్ని డాక్టరుగారి బల్ల మీద పెట్టాను. ఆయన కలం తీసి ఒక్కొక్క పేరు దగ్గరా ఆగారు.

ట్రమడాల్ దగ్గర అడ్డగీత గీశారు. అది నొప్పి మందే అయినా సెరోటోనిన్‌ను కూడా పెంచుతుంది, కొత్త మాత్ర పనీ అదే. రెండూ కలిస్తే కొందరిలో చెమటలు, వణుకు, గుండెదడ, జ్వరం, కండరాలు ఎగిరిపడడం వంటివి రావచ్చు. అలా వస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. దగ్గు మందులలో ఉండే డెక్స్‌ట్రోమెథార్ఫాన్‌తో కూడా జాగ్రత్త అన్నారు. డైక్లోఫెనాక్ మాత్ర దగ్గర మరొక గీత. రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే కణాలు సెరోటోనిన్‌ను తమలో దాచుకుంటాయట, ఈ మందు ఆ దాపుడును అడ్డుకుంటుంది. అందువల్ల నొప్పి మాత్రలతో కలిస్తే కడుపులో రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. మోకాళ్ళకు పైపూత, వ్యాయామం, అవసరమైతే పారాసెటమాల్ చాలన్నారు.

రక్తపోటు మాత్రలోని హైడ్రోక్లోరోథయజైడ్ దగ్గర ఎక్కువసేపు ఆగారు. అది ఒంట్లోని ఉప్పును బయటికి పంపుతుంది. కొత్త మందు కూడా, ముఖ్యంగా వయసు మళ్ళిన ఆడవారిలో, సోడియంను తగ్గించగలదు. సోడియం 135కు పైన ఉండాలి, నాది 138 ఉంది. బాగా తగ్గితే తలనొప్పి, తికమక, తూలి పడిపోవడం. మా బీపీ డాక్టరుగారికి అప్పటికప్పుడే ఫోను చేసి మాట్లాడారు, ఆ భాగాన్ని తీసేసి ఆమ్లోడిపిన్ చేర్చడానికి ఇద్దరూ ఒప్పుకున్నారు. ఒమెప్రజోల్ వల్ల ఈ మందు రక్తంలో ఎక్కువ నిలుస్తుందని దాని బదులు పాంటోప్రజోల్ రాశారు. ఈసీజీ బాగుందన్నారు. థైరాక్సిన్‌తో పెద్ద పేచీ లేదన్నారు.

చివరి ప్రశ్న నాదే. "ఇది వేసుకోకపోతే ఏమవుతుంది?" అని అడిగాను. ఆయన నన్నే చూస్తూ, "ఇప్పుడెలా ఉన్నారో మీరే చెప్పారుగా అమ్మా. తిండి లేదు, నిద్ర లేదు, తెల్లవారకపోతే బాగుండుననే తలపు. దానికీ ప్రమాదం ఉంది" అన్నారు. నేను 11 రోజులుగా త్రాసులో ఒక పళ్ళెమే చూస్తున్నానని అప్పుడు తోచింది. మాత్ర వైపున్న కీడునంతా రాసుకున్న కాగితంలో జబ్బు వైపున్న కీడుకు ఒక్క వరుస కూడా లేదు. జబ్బు స్వయంగా వచ్చింది కాబట్టి దానికి చీటీ ఉండదు, పక్కప్రభావాల పట్టిక ఉండదు. బహుశా అందుకే దాన్ని ఎవరం తూచం.

అలవాటు పడిపోతానా అన్నదానికి కూడా సూటిగానే చెప్పారు. నిద్రమాత్రల వలె ఇంకా కావాలనిపించే మందు కాదు, కానీ హఠాత్తుగా మానితే తలతిరుగుడు, చిరాకు, తలలో కరెంటు కొట్టినట్టుండడం కలగవచ్చు. కనుక మానే వేళ వచ్చినప్పుడు మెల్లగా తగ్గిస్తారు. కోలుకున్నాక కనీసం ఆరు నెలలు వాడాలి. ఫలితం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కొక్కప్పుడు ఇంకా ఎక్కువ పడుతుంది. కానీ వికారం మాత్రం మొదటి వారమే వస్తుంది. ఓర్పు పరీక్షించే మందు!

అన్నట్టే జరిగింది. మొదటి వారం కడుపులో తిప్పడం, నోరెండడం, నిద్ర మరింత పలుచబడడం. మా అమ్మాయి సెలవు పెట్టి వచ్చి ఆ వారం నాతో ఉంది. రెండు వారాలకు సోడియం 137. నాలుగో వారంలో ఒకరోజు మెలకువ వచ్చి చూస్తే ఐదున్నర అయింది. ఇప్పుడు తొమ్మిదో వారం. పక్కింటావిడ భయపడినట్టు మొద్దుబారలేదు. మొన్న ఆయన కండువా బీరువాలో కనిపిస్తే చాలాసేపు ఏడ్చాను, ఏడ్చి లేచి వంట చేసుకున్నాను. అంతకుముందైతే ఏడుపూ వచ్చేది కాదు, వంటా అయ్యేది కాదు.

ఇది చదివి ఎవరూ మందు మొదలుపెట్టవద్దు, మానవద్దు. మీ మందులు వేరు, మీ ఒళ్ళు వేరు. మీ చీటీలన్నీ ఒకే బల్ల మీద, ఒకే డాక్టరు ముందు పెట్టండి. మనసు మరీ చీకటిగా ఉండి అంతవరకు ఆగలేకపోతే, 2022లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీమానస్‌కు 14416 నంబరులో ఫోను చేయవచ్చు. తెలుగులో మాట్లాడతారు, రాత్రయినా పలుకుతారు.

వచ్చే నెల నేను మళ్ళీ చూపించుకోవాలి. అడగవలసినవి కాగితం మీద రాస్తూనే ఉన్నాను. ఈసారి రెండే ఉన్నాయి.