రెండు కాగజ్‌లు

అమెరికా పౌరసత్వం ఉండి 21 ఏళ్ళు నిండిన బిడ్డలు, వీసా మీద వచ్చి ఇక్కడున్న తల్లి కోసం రెండు కాగజ్‌లూ కలిపి పంపొచ్చు. ఐ-130 నాది: ఈమె మా అమ్మీ అని నేను చెప్పేది. ఐ-485 ఆమెది: నన్ను ఇక్కడ ఉండనివ్వండని ఆమె అడిగేది. తల్లిదండ్రులకి వీసా నంబరు కోసం ఏళ్ళ తరబడి ఇంతెజార్ ఉండదు, అందుకే ఈ వీలు. అబ్బా జిందా ఉంటే ఆయనకి ఇంకో జత వేరేగా నింపేవాణ్ణి.

నా కాగజ్ ఒక్క సాయంత్రం పని. అమ్మీది మూడు వారాలు పట్టింది.

ముందు పేరు. పాస్‌పోర్టులో షేక్ ఇంటిపేరు. నా బర్త్ సర్టిఫికెట్లో అమ్మీ పేరు చివర బీ. నికానామాలో బేగం. మనవాళ్ళలో ఏ ఇంట చూసినా ఇదే కదా! ఇతర పేర్లు రాసే చోట అన్నీ రాశాం. నికానామా ఉర్దూలో ఉంది కాబట్టి పూర్తి ఇంగ్లీషు తర్జుమా, రెండు భాషలూ వచ్చని తర్జుమా చేసినవాళ్ళ దస్తఖత్ కూడా జతచేశాం. అమ్మీకి బర్త్ సర్టిఫికెట్ లేదు. రికార్డు దొరకలేదని ఊరి నుంచి కాగితం, దాంతోపాటు నానీమా అఫిడవిట్ తెప్పించాం.

జుట్టు రంగు అడిగారు. "మెహందీ రంగని రాయి బేటా," అని నవ్వింది. ఎప్పుడైనా ఏ సంఘంలోనైనా ఉన్నారా అని ఇంకో సవాల్. ఇలాంటివి చదివితే మనకి గుండె దడే. అమ్మీ మాత్రం, "డ్వాక్రాలో ఉన్నా కదా" అంది. ఉన్నది ఉన్నట్టు అదే రాశాం.

ఐ-864 నేను నింపాలి. పేదరిక గీతకి 125 శాతం ఆమ్దనీ చూపించి, అమ్మీ పోషణ నాదేనని రాసివ్వాలి. "తల్లికి అన్నం పెడతానని కొడుకు సర్కారుకి రాసివ్వాలా?" అని ఆశ్చర్యపోయింది.

ఆఖర్న ఐ-131. అడ్వాన్స్ పెరోల్ చేతికి రాకముందే దేశం దాటితే తన దరఖాస్తు వదులుకున్నట్టే. దానికి నెలలు పట్టొచ్చని చెప్పాను. అమ్మీ నవ్వు ఆగిపోయింది. నానీమాకి ఎనభై దాటాయి. మంచం దిగడం లేదు.

రెండు రోజులు ఆ మాటే ఎత్తలేదు. మూడోరోజు ఫజర్ నమాజ్ అయ్యాక నా పక్కన కూర్చుంది.

"రెండూ కలిపే పంపాలా?"

"లేదమ్మీ. నాది ఒక్కటీ పంపొచ్చు. అది మంజూరయ్యాక నువ్వు అక్కడే కాన్సులేట్‌లో ఇంటర్వ్యూకి వెళ్ళాలి. ఆలస్యమవుతుంది."

"అయితే నీది పంపు బేటా. నీకు నేను అమ్మీని, నాకూ ఒక అమ్మీ ఉంది."

నాది పంపాను. అమ్మీకి టికెట్ కొన్నాను. దస్తఖత్ లేని ఐ-485 నా బీరువాలో ఉంది. కలిపి పంపే హక్కు ఉందని తొందరపడే ముందు, మీ ఇంట్లోనూ ఈ ఒక్క మాట అడగండి: ఊళ్ళో మీ కోసం ఎవరు ఎదురుచూస్తున్నారు?