విదేశవిద్యకు జామీను

గత వైశాఖమాసమున నొకనాటి సాయంకాలము, పది పన్నెండేండ్ల క్రిందట మావద్ద చదువుకొనిన శిష్యురాలొకతె మాయింటికి వచ్చెను. ఆమె యిప్పుడు గ్రామీణ నీటి సరఫరా శాఖలో ఇంజనీరు. అభివృద్ధి చెందుచున్న దేశముల ప్రభుత్వోద్యోగులకై ఐరోపాలోని యొక ప్రభుత్వమిచ్చు విద్యార్థివేతనము ఆమెకు లభించినది. రెండేండ్లు జలశాస్త్రమున ఎం.ఎస్‌సి. చదువవలయును, ప్రయాణము, వసతి, భోజనము, పుస్తకములు సర్వము వారివే. సెలవిచ్చుటకు ఇచ్చటి శాఖవా రొక ఒప్పందపత్రము నడిగిరి. చదువు ముగిసినపిమ్మట తిరిగివచ్చి మూడేండ్లు కొలువు చేయవలయును. చేయనిచో సెలవుకాలపు జీతమును వడ్డీతో చెల్లింపవలయును. దానికి ఇరువురు జామీను. ఒకరు ఆమె తండ్రి. రెండవ సంతకము మామగారు చేయుదురని అందరును తలంచిరి. ఆయన చేయలేదు.

“సార్, నేను తిరిగొస్తనని మీకు నమ్మకముంటెనే సంతకం పెట్టుండ్రి” అని ఆమె కాగితమును బల్లపై నుంచెను.

మేము వెంటనే సంతకము చేసితిమని వ్రాసికొనుట కింపుగా నుండును గాని, అది నిజము కాదు. ఆలోచించి చెప్పెదమంటిమి. మాకున్న ఆస్తి చౌటుప్పల్‌లో అప్పు తీరని యీ చిన్న యిల్లొక్కటియే.

ఆ మామగారు మాకు తెలిసినవారే. చెడ్డవారు కారు. రెండేండ్ల క్రిందట చిన్నకొడుకును అమెరికాకు పంపుటకు పొలము తాకట్టు పెట్టిరి. తిరిగివత్తువా యని వానిని ఎవ్వరును కాగితము వ్రాయించుకొనలేదు. కోడలు పరుల సొమ్ముతో, కొలువు పోకుండ, చదివి వచ్చెదనన్నచో “ఇల్లెవరు చూతురు?” అని ప్రశ్న పుట్టినది. సముద్రము దాటినవానిని వెలివేసిన తాతల మనుమలే నేడు సముద్రము దాటిన వరునికి కట్నము హెచ్చింతురు. దాటెదనన్న కోడలికి మాత్రము శాస్త్రము నేటికిని మారలేదు.

ఇది మా ప్రాంతమునకు కొత్త సంగతియు కాదు. 1895లో నిజాము ప్రభువు మహబూబ్ అలీఖాన్ ఇచ్చిన వేతనముతో పదునారేండ్ల సరోజినీ ఛటోపాధ్యాయ హైదరాబాదునుండి ఇంగ్లండునకు పోయి, లండను కింగ్సు కళాశాలలోను కేంబ్రిడ్జి గిర్టన్ కళాశాలలోను చదివెను. గోవిందరాజులు నాయుడను వైద్యుని మరచుననియే పెద్దలు పంపిరని చెప్పుదురు. ఆమె 1898లో తిరిగివచ్చి ఆయననే పెండ్లాడెను.

నేడు ఇట్టి వేతనములు పలువిధములు. 1951లో కొలంబో ప్రణాళిక, 1959లో కామన్‌వెల్తు వేతనములు, 1983లో బ్రిటిషు ప్రభుత్వపు చీవెనింగు పుట్టినవి. చీవెనింగు పొందినవారు చదువైన పిమ్మట రెండేండ్లైనను స్వదేశమున నుండవలయునని నియమము. ఈ నియమము న్యాయమే. ప్రజల పన్నుతోనో, పరదేశపు ప్రజల పన్నుతోనో వచ్చిన విద్య ఋణమే గదా. కాని ఒప్పందమునకు రెండువైపు లుండవలయును. 1913లో బరోడా మహారాజు నెలకు 11.50 పౌనుల వేతనముతో అంబేద్కరును కొలంబియా విశ్వవిద్యాలయమునకు పంపెను. చదివి వచ్చి పదేండ్లు బరోడాలో కొలువు చేయవలయునని పత్రము. ఆయన 1917లో మాట తప్పక బరోడాకు వచ్చెను. ఆ పట్టణమున ఆయనకు తలదాచుకొన చోటు దొరకలేదు. పారసీ పేరుతో ఒక సత్రమున నుండగా కులము తెలిసి కర్రలతో వచ్చి వెడలగొట్టిరి. విద్యార్థి తిరిగివచ్చునని వ్రాయించుకొనిన రాజ్యము, వచ్చిన వానికి ఒక గది నిప్పించెదనని వ్రాసియీయలేదు.

మా శిష్యురాలు చదువబోవునది నీటిలోని ఫ్లోరైడును గూర్చి. 2016 నుండి చౌటుప్పల్ యాదాద్రి భువనగిరి జిల్లాలో నున్నను, ఎముకలను బట్టి చూచిన నల్లగొండయే. లీటరునకు 1.5 మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచారోగ్యసంస్థ హద్దు పెట్టగా, ఈ ప్రాంతపు బోరునీటిలో పలుచోట్ల దానికి పలురెట్లు కనబడినది. పండ్లకు గార, వంగిన కాళ్లు, బిగిసిన నడుము మా తరగతిలోనే చూచితిమి. నాగపూరులోని జాతీయ పర్యావరణ పరిశోధనసంస్థవారు పటికయు సున్నమును కలిపి ఫ్లోరైడును క్రిందికి దింపు పద్ధతి కనిపెట్టి, దానికి మా జిల్లా పేరే పెట్టిరి. ఆ “నల్లగొండ పద్ధతి” టాంజానియా, ఇథియోపియా దేశములకును పోయినది. 2015లో మా చౌటుప్పల్‌లోనే మంచినీటి పథకమునకు పైలాను నిలిపిరి; పిమ్మట నదినీరు కొళాయిలకు వచ్చినది. వంగిన యెముకలు మాత్రము దానితో చక్కబడవు.

సంతకమునకు ముందు మాకు గుర్తువచ్చినది మరియొక బాలిక. కొలువులో చేరిన తొలియేండ్లలో, హైదరాబాదు కళాశాలలో సీటు వచ్చిన యామె తండ్రి మమ్ము సలహా యడుగగా, “ముందు పెండ్లి కానిండు, చదువెక్కడికి పోవును?” అంటిమి. చదువు పోయినది. ఆమె యిప్పుడు బస్సుల అడ్డవద్ద పండ్లమ్ముచు, మమ్ము చూచిన లేచి నమస్కరించును. ఆ నమస్కారము మాకు భరింపరానిది.

మా యింటావిడతో నీసంగతి చెప్పగా ఆమె, “అడుగవచ్చిన పిల్లను రెండు దినములు త్రిప్పుట ఎందుకు?” అనెను. మరునాడు సంతకము చేసితిమి. ఆస్తి వివరముల గడిలో పుస్తకములను గూడ వ్రాయగా, గుమాస్తా నవ్వి కొట్టివేసెను.

మాఘమాసమున ఆమెవద్దనుండి ఉత్తరము వచ్చినది. తరగతిలోని టాంజానియా ఉద్యోగి యొకడు నల్లగొండ పేరు వినగానే లేచివచ్చి, “నీటినుండి దిగిన ఆ మడ్డిని మీవారెక్కడ పోసిరి?” అని యడిగెనట. ఆమె జవాబెరుగక మమ్ము విచారింపుమని వ్రాసెను. ఆదివారమునాడు బస్సెక్కి యొక గ్రామమున పాత శుద్ధికేంద్రమును చూడబోతిమి. తాళము వేసియుండెను, తాళపుచెవి యెవరివద్ద నున్నదో ఎవ్వరికిని తెలియదు. అరుగుపై గూర్చున్న యొక ముసలమ్మ, “మడ్డా? గా చెరువుకట్ట దిక్కు పోస్తుండిరి బిడ్డా” అని చేయి చూపెను. ఆమె మోచేయి సగమువరకే చాగినది.

ఆ సంగతి యంతయు నట్లే వ్రాసి పంపితిమి.