కట్టడముల చదువునకు నేను పోయిన దారి

2015వ సంవత్సరపు వేసవిలో పదవ తరగతి ఫలితములు వెలువడిన పిమ్మట మా యింట మూడు దినములు ఒకటే ప్రసంగము. మా నాయనగారు తాపీమేస్త్రి. నేను పెద్ద కట్టడములకు లెక్కవేయు ఇంజనీరును కావలెనని వారి కోరిక. అందులకై నన్ను పట్టణమందలి పేరుమోసిన ఇంటర్మీడియెటు కళాశాలలో చేర్పనెంచి, మాకుగల అర ఎకరమును తాకట్టు పెట్టుటకు సిద్ధపడిరి. కాగితము వ్రాయుటయే తరువాయి. అంతలో మన పాఠశాల గణితోపాధ్యాయులు మా యింటికి వచ్చి, "పొలము పోగొట్టుకొననేల? కుఱ్ఱవాడు పాలిసెట్టు వ్రాసినాడు గదా, పాలిటెక్నిక్కునకు పంపుడు" అనిరి.

ప్రభుత్వ పాలిటెక్నిక్కులో సివిల్ డిప్లొమా మూడేండ్ల చదువు. నాకు ఏటి జీతము ఐదువేల రూపాయలకు మించలేదు. బంధువులు మాత్రము, ఇంజనీరు కావలసినవాడు ఓవర్సీయరు చదువునకు పోయినాడని నవ్విరి. ఆ నవ్వు నన్ను చాలకాలము బాధించెను, దాచనేల?

2018లో డిప్లొమా ముగించి, ఒక ఏడు ఒక కంట్రాక్టరు కడ పని చూచితిని. అచ్చట ఒక బాల్కనీకి కట్టిన పైవరుస ఇనుపకడ్డీలు, కూలీలు త్రొక్కి నడచుటచే అడుగునకు దిగిపోయినవి. నేను చూచితిని. చెప్పుటకు జంకితిని. కాంక్రీటు పోసిరి. కొన్ని వారములకు పోటుకఱ్ఱలు తీయగానే గోడవద్ద పైభాగమున పగులు కానవచ్చెను. దైవకృపచే ఎవ్వరికిని దెబ్బ తగులలేదు. దానిని పగులగొట్టి మరల కట్టిరి. కాంక్రీటు నొక్కుడునకు ఓర్చును గాని సాగుడునకు ఓర్వదు. రెండు గోడల నడుమ స్లాబునకు సాగుడు అడుగున. ఒకవైపే పట్టుగల బాల్కనీకి పైన. సాగుడున్న చోటనే కడ్డీ యుండవలెను. ఈ సంగతి పరీక్షలో వ్రాసి మార్కులు తెచ్చుకొన్నవాడనే నేను!

ఆ రాత్రి నాయనగారితో చెప్పితిని. "నేను చిన్ననాటినుండి బాల్కనీ కడ్డీ పైననే కట్టుచున్నాను, ఎందుకో నాకెవరును చెప్పలేదు. నీకు తెలిసియు ఊరకుంటివా?" అనిరి. కట్టడముల శాస్త్రమునే లోతుగా చదువవలెనని నేను నిశ్చయించుకొన్నది ఆ మాటతోనే.

2019లో ఈసెట్టు వ్రాసితిని. 200 మార్కులలో సగము సివిల్, 50 గణితము, తక్కినవి భౌతిక రసాయన శాస్త్రములు. అందు నెగ్గినవారు బి.టెక్. రెండవ సంవత్సరముననే చేరుదురు. ఒక ఏటి వ్యయము తగ్గును. కాని మొదటి యేటి గణితము తప్పిపోవుటచే, దానిని నేను రాత్రులు ఒంటరిగా కూర్చుండి నేర్చుకొనవలసివచ్చెను. ఒక పరీక్ష తప్పితిని కూడ. ఇంటర్మీడియెటు దారి చెడ్డదని నేననను, జె.ఇ.ఇ.లో మంచి స్థానము వచ్చినవారికి అదియే దగ్గర. మాకు ఆ పందెమునకు పొలము ఒడ్డవలసియుండెను, అంతే.

2022లో గేటు పరీక్ష నెగ్గి ఎం.టెక్.లో కట్టడముల శాఖ చేరితిని. ఆ రెండేండ్లును నెలకు 12,400 రూపాయల భృతి వచ్చెను. మొదటి నెల రెండువేలు ఇంటికి పంపగా, చదువుకొను పిల్లవాడు సొమ్ము పంపుటేమని మా అమ్మ నమ్మలేదు.

అర ఎకరము మా చేతనే యున్నది. మొన్న సంక్రాంతికి పోయినప్పుడు నాయనగారు తాము కట్టుచున్న యింటికి నన్ను తీసికొనిపోయి, బాల్కనీ కడ్డీల క్రింద పెట్టిన ఇనుపకుర్చీలను చూపి, ఇవి చాలునా యని యడిగిరి. నేను మోకరించి కొలిచి, మరి రెండు పెట్టవలెనంటిని.