ముప్పావు కిలోమీటరు సముద్రం

మా పాలమూరు వాళ్లకు సముద్రం లేదు గాని, సముద్రం మీద మోజు మాత్రం తక్కువేం కాదు. నాగర్‌కర్నూలులో ఒక చెరువుంది, దాని పేరు కేసరి సముద్రం. సింగోటంలో ఇంకో చెరువుంది, అది శ్రీవారి సముద్రం. వనపర్తి రాజావారు తమ తల్లి పేరు మీద తలపెట్టి, 1959లో ప్రారంభమైన జలాశయం సరళా సాగర్. ఎటు పోయినా ఒక రాత్రి ప్రయాణం చేస్తే గాని అసలు సముద్రం కనబడదు కనుక, ఉన్న నీళ్లకే ఆ పేరు పెట్టుకుని తృప్తి పడ్డాం కాబోలు.

అలాంటి గడ్డ మీద పుట్టి, గద్వాలలో బి.ఏ. చదివి, వనపర్తిలో కాపురం చేసుకుంటూ, అన్నం ఉడికేలోగా రెండు పేజీల నవల రాసుకునే నేను, నలభై అయిదో ఏట చెన్నైకి దక్షిణాన సముద్రంలో దూకాను. దూకాను అనడం నవలలు రాసేవాళ్ల దుర్గుణం. నిజానికి మోకాలి లోతు దాకా నడిచి, నిలబడి, మావారు ఇంకా గట్టు మీదే ఉన్నారా లేదా అని వెనక్కి తిరిగి చూశాను.

ఈ వేడుకను ట్రయథ్లాన్ అంటారు. ముందు ఈత, తర్వాత సైకిలు, ఆ తర్వాత పరుగు, మధ్యలో విశ్రాంతి లేదు. 1974లో అమెరికాలోని శాన్ డియాగోలో మొదలైన ఈ ఆట 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌కు ఎక్కింది. ఒలింపిక్స్‌లో కిలోమీటరున్నర ఈత, 40 కిలోమీటర్ల సైకిలు, 10 కిలోమీటర్ల పరుగు. అందులో సరిగ్గా సగం చేసేదాన్ని స్ప్రింట్ అంటారు: 750 మీటర్లు, 20 కిలోమీటర్లు, 5 కిలోమీటర్లు. ఈత ముందెందుకు పెట్టారని మా కోచ్‌ను అడిగాను. "అలసిపోయిన మనిషి సైకిలు మీద ఉంటే దిగొచ్చు మేడం, నీళ్లల్లో ఉంటే ఎక్కడ దిగుతారు?" అన్నాడు. ఆ జవాబుతో నాకు రెండు రోజులు నిద్ర పట్టలేదు.

ఇంతకీ నాకీ పిచ్చి ఎలా పట్టిందంటే, ఒక పాఠకురాలి ఉత్తరం వల్ల. నా సీరియల్లో కథానాయిక బావిలో దూకి ఒక పిల్లవాణ్ని కాపాడుతుంది. రెండు వారాలు దిగ్విజయంగా ఈదించాను. ఒకావిడ రాసింది: "అమ్మా, మీ కథానాయిక మధ్యలో ఎక్కడా ఊపిరి తీసుకోలేదు. మీకు ఈత రాదు కదూ?"

రాదు. మా ఇంట్లో ఆడవాళ్లెవరికీ రాదు. అన్నయ్యకు మాత్రం ఎనిమిదో ఏటే ఎండిన సొరబుర్ర నడుముకు కట్టి బావిలోకి తోశారు. వాడు నెల తిరక్కుండా చేపయ్యాడు. నన్ను మాత్రం బీచుపల్లిలో కృష్ణ ఒడ్డున జడ పట్టుకుని కూర్చోబెట్టి, అమ్మ చెంబుతో నెత్తిన నీళ్లు పోసేది. 2016 పుష్కరాలప్పుడు నాకు ముప్పై ఆరేళ్లు. అప్పుడూ నన్ను మూడో మెట్టు దిగనివ్వలేదు.

దానికో కారణముంది. మా అమ్మకు ఒక చెల్లెలుండేది. పదమూడేళ్లు. వనపర్తి పక్కన మా అమ్మమ్మ గారి ఊళ్లో, మోటబావి మెట్ల మీద బిందె ముంచబోయి జారింది. గట్టు మీద ఆరుగురు ఆడవాళ్లున్నారు. అందులో మా అమ్మ ఒకతె. ఒక్కరికీ ఈత రాదు. ఒకావిడ చీర విప్పి విసిరింది. రెండు మూరలు తక్కువైంది. ఈత వచ్చిన మగవాళ్లంతా పొలాల్లో ఉన్నారు. పిలుచుకొచ్చేసరికి చేయవలసిందేమీ మిగల్లేదు.

దీన్నుంచి మా ఇంట్లో వాళ్లు నేర్చుకున్న నీతి: ఆడపిల్లలు నీళ్ల దగ్గరికి పోరాదు. పోకుండా ఎలా ఉంటారు? నీళ్లు తెచ్చేది వాళ్లేగా! ఊరంతటికీ నీళ్లు మోసేది ఆడవాళ్లు, ఈత నేర్చేది మగపిల్లలు. ఆ ఉత్తరం చదివిన రాత్రి, ఇన్నేళ్లకు మొదటిసారి, ఆ కథలోని నీతి తిరగేసి ఉందేమో అనిపించింది నాకు.

మా అమ్మాయి హైదరాబాదులో చదువుతోంది. దాని దగ్గరికి పోయి రెండు ఎండాకాలాలు ఒక ఈతకొలనులో నేర్చుకున్నాను. చీలమండల దాకా ఉన్న ఈతదుస్తుల్లో మొదటి రోజు అద్దం ముందు నిలబడితే, నవల అట్ట మీద అచ్చు తప్పులా ఉన్నాను. పక్క వరసలో ఆరేళ్ల పిల్ల నీళ్లు చిమ్ముకుంటూ మూడుసార్లు పోయి వచ్చేది, నేను ఇంకా రాడ్ పట్టుకుని బుడగలు వదిలేదాన్ని. ధైర్యం సన్నగిల్లినప్పుడల్లా గోలి శ్యామల గారిని తలుచుకున్నాను. నీళ్లంటే ఉన్న భయం పోగొట్టుకోవడానికే పెద్దయ్యాక ఈత మొదలుపెట్టారని పత్రికల్లో చదివాను. 2021 మార్చిలో శ్రీలంక వైపు నుంచి ధనుష్కోటి వైపుకు పాక్ జలసంధిని, సుమారు 30 కిలోమీటర్లు, పదమూడు గంటలకు పైగా ఈదారు. 2025 జనవరి నాటికి విశాఖ నుంచి కాకినాడ దాకా 150 కిలోమీటర్లు రోజుకు కొంత చొప్పున ఈది ముగించారు. ఆవిడ ముందు నా 750 మీటర్లు ఏపాటి!

కొలను వేరు, లోతు తెలియని నీళ్లు వేరు. అందుకని కేసరి సముద్రంలో కూడా సాధన చేశాను. అన్నయ్య థర్మాకోల్ తెప్ప మీద కూర్చుని పక్కనే వస్తూ, "ఇంగ రా, ఇంగ రా" అని బర్రెను తోలినట్టు తోలాడు. కృష్ణలో చేద్దామంటే, "జూరాల కాడ మొసండ్లున్నయ్, నీ నవల అవి చదువవు" అన్నాడు.

అమ్మకు మాత్రం బయల్దేరే ముందు రోజే చెప్పాను. "ఈ వయసుల నీకేం తక్కువైందే?" అని ఒక్క మాట అని లోపలికి పోయింది. ఆ రాత్రి అన్నం తినలేదట.

పోటీ రోజు తెల్లవారకముందే చేతి మీద పెన్నుతో నంబరు రాశారు. కాలికి ఒక పట్టీ చుట్టారు, మన సమయాన్ని అదే లెక్క పెడుతుందట. నీళ్ల మీద పెద్ద పెద్ద నారింజరంగు బుడగలు తేలుతున్నాయి. వాటిని చుట్టి రావాలి. అక్కడక్కడ కయాక్ అనే సన్నటి పడవల్లో కుర్రాళ్లున్నారు. ఒక నియమం చెప్పారు: అలసిపోతే పడవ పట్టుకుని ఆగొచ్చు, తప్పు లేదు. అయితే ఆ పడవ మిమ్మల్ని ఒక్క అడుగు కూడా ముందుకు తీసుకుపోకూడదు.

అల వస్తే ఎదురు నిలబడకుండా దాని కిందనుంచి దూరాలని నేర్పారు. దూరాను. రెండు అలలు దాటాక సముద్రం చెరువులాగే మెత్తబడింది. ఉప్పునీళ్లు మనిషిని తేలిగ్గా మోస్తాయి. ఆ సుఖంలో మొదటి బుడగ చుట్టాను. తిరిగేసరికి సూర్యుడు సరిగ్గా కళ్లల్లోకి వచ్చాడు. దిక్కు కోసం తల ఎత్తాను, అదే క్షణాన ఒక అల నోట్లోకి వచ్చింది. దగ్గు, పైన ఇంకో అల. కాళ్లు కిందికి పోయాయి. కింద ఏమీ లేదు. చదువుకున్నవీ నేర్చుకున్నవీ అన్నీ మరిచిపోయి రెండు చేతులతో నీళ్లను కొట్టాను. పిన్ని ముఖం నాకు తెలియదు, ఒక్క ఫొటో కూడా లేదు. కాని ఆ చేతులు ఎలా కొట్టుకున్నాయో అప్పుడు తెలిసింది.

ఎలా చేరానో తెలియదు, పడవ పట్టుకుని ఉన్నాను. కుర్రవాడు ఇరవై ఏళ్లవాడుంటాడు. ఒడ్డు వైపు చేయి చూపి, "తీసుకెళ్లనా అమ్మా?" అన్నట్టు తల ఊపాడు.

నిజం చెప్తున్నాను, వెళ్దామనే అనుకున్నాను. ఒడ్డున మావారు, ఫ్లాస్కులో టీ, ఇల్లు. ఎవరూ ఏమీ అనరు. కాని అప్పుడు గట్టు మీది ఆరుగురూ గుర్తుకొచ్చారు. ఇప్పుడు నేను ఒడ్డెక్కితే ఏడోదాన్నవుతాను. వాళ్లకంటే నేర్పినవాళ్లు లేరు. నాకు రెండు ఎండాకాలాలు నేర్పారు. ఇరవై దాకా ఊపిరి లెక్కపెట్టాను. ఇరవై ఒకటోది తీసుకుని పడవ వదిలాను.

ఆ తర్వాత కథలో విశేషాలు తక్కువ. ఈతకు 31 నిమిషాలు పట్టింది. తల మీద హెల్మెట్ బిగించాకే సైకిలు ముట్టుకోవాలన్న నియమం మరిచి ఒకసారి చీవాట్లు తిన్నాను. మా అమ్మాయి సైకిలు మీద ఎదురుగాలిలో ఇరవై కిలోమీటర్లు తొక్కేసరికి కాళ్లు ఎవరివో అరువు తెచ్చుకున్నట్టున్నాయి. పరుగును పరుగని అక్కడివాళ్ల మర్యాద కొద్దీ అన్నారు. నా వెనక నలుగురే వచ్చారు. మావారు మాత్రం, "నలుగురు వచ్చారు కదా!" అని నలుగురికీ చెప్పారు.

అమ్మకు ఫోన్ చేశాను.

"మునిగినవా?"

"లేదమ్మా. ఒకసారి భయమై పడవ పట్టుకున్నా."

"పట్టుకుంటే తప్పు గాదు," అంది. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "ఆ దినం మా ఆర్గుర్ల ఒక్కదానికన్న వచ్చుంటే..." అంది. నాకు బుద్ధి తెలిశాక అమ్మ నోట ఆ మాట వినడం అదే మొదలు. నేనేమనాలో తోచక ఊరుకున్నాను. ఆవిడే అడిగింది, "అన్న బిడ్డకు సెలవులెప్పుడే?"

ఎండాకాలంలో తొమ్మిదేళ్ల మనవరాలిని తానే వెంటబెట్టుకుని హైదరాబాదు వచ్చింది. రోజూ పొద్దున్నే కొలను గట్టు మీద కుర్చీ వేసుకుని కూర్చునేది. ఒళ్లో ఒక గుడ్డ సంచి. మొదటి రోజు కోచ్ చూసి, పాపకు తువ్వాలు తెచ్చారా పెద్దమ్మా అన్నాడు.

సంచిలో రెండు నేత చీరలున్నాయి. కొంగుకు కొంగు కలిపి గట్టిగా ముడేసి ఉన్నాయి.

"నువ్వు నేర్పు నాయనా," అంది అమ్మ. "ఇది నా దగ్గర ఉండనీ."