చేయి విడిచిన డేగ

కుక్కను వేటకు గొనిపోయినవాడు సాయంకాలము దానిని ఇల్లు చేర్చుటను గూర్చి చింతపడడు. ఈల వేసిన వచ్చును. రాకున్నను దారి పసికట్టి తానే ఇల్లు చేరును. గుఱ్ఱమునకు కళ్లెము కలదు. వేటడేగకు కళ్లెమును లేదు, కుక్కకున్న స్వామిభక్తియు లేదు. చేతిమీదనుండి యెగిరిన క్షణమున అది అడవిపక్షియే. తిరిగి వచ్చుటయు రాకుండుటయు దాని యిష్టము.

ఈ వేట మన పూర్వులకు క్రొత్తది కాదు. సాళువమనగా వేటాడు డేగయే. 1485లో విజయనగర సింహాసనమెక్కిన సాళువ నరసింహుని యింటిపేరు ఆ పక్షిపేరే. కుమాయూను రాజగు రుద్రదేవుడు శ్యైనికశాస్త్రమను పేర సంస్కృతమున ఒక గ్రంథమునే రచించెను. ఇపుడు మన దేశమున 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టముచే ఇట్టి వేట నిషిద్ధము. అది మేలే యని మా తలంపు. కావున మేము కన్నులార చూచినది మన దేశమున గాదు, ఇంగ్లండులోని యార్క్‌షైరు సీమలో. మా అన్నగారు అచట ఉద్యోగము చేయుచున్న కాలమున, 2018 నవంబరు నెలాఖరున, వారి పొరుగున నున్న యొక వృద్ధుడు తన డేగతో కుందేళ్ల వేటకు పోవుచు మమ్ము వెంట రమ్మనెను. హిందూస్థానీలో బాజ్ అని పిలుచు పెద్ద జాతి డేగ అది, ఆడుపక్షి. ఈ జాతులలో ఆడుదే పెద్దది, బలము గలది.

ఆయన మొట్టమొదట చేసినపని దానిని త్రాసుమీద నిలుపుట. మాకిది వింతగా దోచెను గాని కొంతసేపటికి అర్థమయ్యెను. డేగను మనిషిచెంతకు రప్పించునది ఆకలి యొక్కటియే. ఆయన పక్షి 980 గ్రాముల తూకమున నున్నపుడు చక్కగా వేటాడి, పిలిచిన వెంటనే చేతిమీదికి వచ్చునట. 1020 గ్రాములైనచో చెట్టుకొమ్మపై గూర్చుండి, ఎఱ చూపినను తల త్రిప్పుకొనునట. మఱి మిక్కిలి తగ్గించినచో నీరసించి చలికి చచ్చును. ఈ రెంటి నడుమనున్నది పిడికెడు గింజల బరువు! ఆనాడు త్రాసు 995 చూపెను. ఆయన కొంచెము సేపు ఆలోచించి, ఆకాశమువంక జూచి, గాలి యంతగా లేదు గదా యని బయలుదేరెను.

గాలి మాట యేల వచ్చెనో చెప్పవలెను. వేటడేగలు తప్పిపోవుటకు మొదటి కారణము అదియే. బైరిడేగను మనుష్యుని తలపై నెంతో యెత్తున తిరుగుచుండునట్లు శిక్షింతురు. అచటినుండి అది గంటకు మూడువందల కిలోమీటర్లకు మించిన వేగముతో క్రిందికి దూకును. అంత యెత్తున గాలి బలముగ వీచినపుడు పక్షి దానితోడనే కొట్టుకొనిపోవును. త్రోవలో పావురమొకటి కనబడెనా, దానివెంట కొండలు దాటిపోవును. బాజ్ అంత దూరము పోదు. దాని చిక్కు వేఱు. అది పొదలలోనికి దూరి, మన కన్ను మఱుగున వేటను పట్టి, కడుపార తిని, ఆకలి తీరినదై కూర్చుండును. ఆకలి తీరిన డేగకు యజమానుడెవ్వడు? ఇవిగాక ముండ్లతీగెలు, విద్యుత్తు స్తంభములు, నక్కలు మొదలగు అపాయము లెన్నియో కలవు.

మేము చూచినది ఈ రెండవ విధమే. మొదటి కుందేలు బొరియలోనికి దూరి తప్పించుకొనెను. తరువాత కంచెప్రక్కనుండి ఫెజెంటు అను అడవికోడి టపటప ఱెక్కలు గొట్టుచు లేచెను. డేగ చేయి విడిచెను. రెండును సరళవృక్షముల తోపుమీదుగా పోయి మఱుగుపడెను. తోకకు కట్టిన మువ్వ చప్పుడు కొంచెముసేపు వినవచ్చి ఆగిపోయెను. ఈ మువ్వలలో లాహోరు పట్టణమున చేసినవి సీమలో పేరుపడినవి.

ఇప్పటి డేగలకు మువ్వతోబాటు కొద్ది గ్రాముల బరువుగల రేడియో యంత్రమును కూడ కట్టుదురు. ఆయన సంచిలోనుండి గ్రహణయంత్రమును దీసి నలుదెసల త్రిప్పెను. శబ్దము వచ్చుచునే యున్నది గాని కొండచఱియకు తగిలి మరలుటచే ఒకసారి తూర్పుననియు, ఒకసారి దక్షిణమనియు దోచుచుండెను. ఆయన దానిని క్రిందికి దించి, చెవియొగ్గి నిలిచెను. "కాకు లెచ్చట అఱచుచున్నవో వినుడు" అనెను. కాకులు గ్రద్దను తరుము తీరు మన పల్లెలలో నెఱుగనివా రెవరు? అది యార్క్‌షైరులోను అంతే. ఆ గోలనుబట్టి పోగా సగము తినిన అడవికోడి నేలపై కనబడెను. డేగ మాత్రము లేదు. నక్క యేదియో వచ్చి బెదరించియుండునని ఆయన యూహ. నాలుగు గంటలు కాకమునుపే ప్రొద్దు గ్రుంకినది. చివరకు ఎత్తైన చెట్టుకొననున్న డేగను మా అన్నగారే మొదట చూచిరి. గొంతు క్రింది సంచి ఉబ్బియుండెను. ఎఱను ఎంత త్రిప్పినను అది కదలలేదు.

చీకటిలో తిరిగివచ్చుచు ఆయన చెప్పినమాట మాకు మఱపురాదు. డేగ తిరిగి అడవిపాలగుట ఆయనకు పెద్ద భయము కాదట. ఆ దేశమున ఆ జాతి పక్షులు అడవులలో బ్రతుకుచునే యున్నవి. ఆయన భయమంతయు కాలిపట్టీలను గూర్చినది. ఇంటివద్ద పగ్గము తగిలించుటకై పట్టీల చివరలయందు చీలిక యుండును. ఆ చీలిక ఏ కొమ్మరెమ్మకో తగులుకొన్నచో పక్షి తలక్రిందులై వ్రేలాడి చచ్చును. ఆయన యౌవనమున ఒక డేగ తప్పిపోగా మూడు వారములకు అట్లే వ్రేలాడుచు కనబడెనట. నాటినుండి వేటకు బయలుదేరునపుడెల్ల చీలికలేని పట్టీలు మార్చుచుందును, ఈనాడును మార్చితిని, అని రెండు మూడు సారులు చెప్పెను. మమ్ము నమ్మించుటకో, తన్ను తాను నమ్మించుకొనుటకో తెలియదు. టి. హెచ్. వైట్ అను ఆంగ్ల రచయిత డేగ నొకదానిని పెంచగా కట్టిన దారము తెగి అది పోయెను, మరల చిక్కలేదు. 1951లో వెలువడిన ఆయన పుస్తకము ఆ కథయే.

కుబ్లాయిఖానుని కొలువులో ఈ బెంగ యింత యుండెడిది కాదు కాబోలు. ప్రతి డేగ కాలికిని యజమానుని పేరుగల చిన్న బిళ్ల కట్టుదురనియు, ఎవరిదో తెలియని పక్షి దొరికినచో దానిని పోయిన సొత్తులను గాచు ఒక యధికారికి అప్పగింతురనియు, వెదకువారికి సులువుగా కనబడునట్లు ఆయన గుడారము ఎత్తైనచోట జెండాతో నుండుననియు మార్కోపోలో వర్ణించెను. టర్కీదేశపు నల్లసముద్రతీరమున మఱియొక పద్ధతి కలదు. అచటివారు శరత్కాలమున చిన్న డేగలను పట్టి, కొలది దినములలో మచ్చిక చేసి, పూరేడు పిట్టలను వేటాడి, ఆ ఋతువు ముగిసినంతనే వానిని విడిచిపుచ్చుదురు. ఎట్లును విడువదలచిన పక్షి తప్పిపోయిన నెంత దుఃఖము? మా పొరుగు వృద్ధునికి ఈ సంగతి చెప్పగా ఆయన నవ్వి, "వారు నాకన్న తెలివిగలవారు" అనెను. ఆయన తన పక్షిని గ్రుడ్డునుండి వెలువడిన కొలది వారములనుండియు పెంచినాడు.

మఱునాడు తెల్లవారకమునుపే మేము ముగ్గురమును ఆ చెట్టుక్రింద నుంటిమి. రాత్రి చీకటిలో డేగ కదలదు గాన, నిద్రించినచోటనే ఉదయమున పట్టవలెను. వెలుగు రాగానే ఎగిరిపోయినచో మరల వెదకులాటయే. గడ్డిపై మంచు గట్టిపడి యుండెను. వెలుగు వచ్చినది. డేగ ఱెక్కలు విదల్చి, ఈకలు దిద్దుకొని, మమ్ము చూచియు చూడనట్లుండెను. ఎనిమిదైనది. ఎనిమిదిన్నరయైనది. ఆయన చచ్చిన కుందేటికి దారము గట్టి, మాటాడక, గడ్డిమీద మెల్లగా ఈడ్వసాగెను. ఇరువది అడుగులు ఈడ్చును, ఆగును, మరల ఈడ్చును. తొమ్మిది దాటినపిమ్మట మువ్వ మ్రోగెను. మేము తలయెత్తి చూచునప్పటికి డేగ కుందేటిమీద నుండెను.

ఆయన తొందరపడలేదు. మోకాళ్లపై ప్రాకుచు పోయి, మాంసపుముక్క చూపి చేతిమీది కెక్కించుకొని, పట్టీలను వ్రేళ్లసందున బిగించి, తోకయీకలను ఒక్కొక్కటిగ పరీక్షించెను. ఇల్లు చేరిన వెంటనే మరల త్రాసు. 1035 గ్రాములు. ఆయన ఆ సంఖ్యను పుస్తకమున వ్రాసికొని, మూడు దినములు దీనికి వేట లేదని చెప్పి, మాకు తేనీరు కాచుటకు లోనికి పోయెను.